పిలిచి పెడితేనే భోజనం

కార్తీక సోమవారం చీకటి పడుతోందంటే మా నాయనమ్మ పిల్లలందరినీ డాబా మీదికి తరిమేది. చుక్క కనిపించిందో లేదో చూసి చెప్పడం మా డ్యూటీ. ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టుకుని, వంటింటి గడప మీద కూర్చునేది. పొద్దుటి నుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ ఉండదు. ఆవిడ తింటే గానీ పెసరపప్పు పాయసం గిన్నె మీద మూత తియ్యరని మా ఆత్రం మాది. కొబ్బరాకుల సందున మిణుగురు మెరిసినా "చుక్కొచ్చిందీ" అని అరిచేవాళ్లం. ఆవిడ నమ్మేది కాదు. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, స్వయంగా చూసుకునేది.

ముసురు పట్టిన వారమైతే ఇంకా కష్టం. కార్తీకమంటే మా కోస్తాలో వాయుగుండాల కాలం కూడాను. ఆకాశమంతా మబ్బే అయితే చుక్కెక్కడిది? బాగా చీకటి పడేదాకా చూసి, పైకి ఓ దండం పెట్టి విస్తరి ముందు కూర్చునేది.

అలా పగలంతా ఉండి రాత్రి తినడాన్ని నక్తం అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కార్తీక పురాణంలో వశిష్ఠుడు జనక మహారాజుకి సోమవార వ్రతాన్ని ఆరు రకాలుగా చెబుతాడు. మొదటిది ఉపవాసం: పగలంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం శివాభిషేకం చేసుకుని, చుక్కల దర్శనం అయ్యాక తులసి తీర్థం మాత్రం పుచ్చుకోవడం. అది చేతకాకపోతే ఏకభుక్తం, అంటే మధ్యాహ్నం ఒక్కపూట భోజనం. తరవాత నక్తం, ఆ తరవాత అయాచితం. ఇవేవీ కుదరకపోతే స్నానం చేసి జపం చేసుకున్నా చాలు. జపమూ రాకపోతే నువ్వులు దానం ఇచ్చినా సరే.

ఈ వరుస నాకు భలే ఇష్టం. కష్టమైన దానితో మొదలుపెట్టి, చేతకానివాడి కోసం ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, చివరికి గుప్పెడు నువ్వుల దగ్గర ఆగుతుంది. గుమ్మం బయట ఎవరినీ నిలబెట్టదు. అయినా మనం మొదటి మెట్టు దగ్గరే పట్టుదలకి పోతాం. ఓ ఏడాది నేనూ పోయాను. ఆఫీసులో మధ్యాహ్నం మూడింటికల్లా తల పగిలిపోతోంది, పక్క సీటు ఆయన ఏదో ఫైలు అడిగితే కసురుకున్నాను. శివుడికి అభిషేకం, తోటివాడికి చీవాట్లు! మరుసటి సోమవారం నుంచి బుద్ధిగా ఏకభుక్తంలోకి దిగాను. షుగర్ మాత్రలు వేసుకుంటూ కటిక ఉపవాసాలు చేసే పెద్దవాళ్లని చూస్తే నాకు భక్తి కంటే ముందు టెన్షన్ పుడుతుంది. వాళ్ల కోసమే కదా మిగతా అయిదూ చెప్పింది! పొద్దున్నే పళ్లెం నిండా ఉప్మా, సాయంత్రం ఆరు ఇడ్లీలు లాగించి "అన్నం ముట్టలేదు" అనే ఉపవాసాల గురించి నేనేమీ అనను. మా ఇంట్లోనూ ఉన్నారు.

సోమవార మహిమ చెప్పడానికి ఆ పురాణం ఎంచుకున్నది మహర్షిని కాదు, ఒక కుక్కని. వెనకటి జన్మలో చెయ్యరాని పాపాలన్నీ చేసిన ఒక స్త్రీ కుక్కగా పుట్టింది. ఓ కార్తీక సోమవారం ఊరంతా తిరిగినా దానికి మెతుకు దొరకలేదు. పగలంతా ఉపవాసం ఉన్న ఒక బ్రాహ్మణుడు, చుక్కలు చూసి, తినబోయే ముందు ఇంటి బయట బలి అన్నం పెట్టాడు. కుక్క అది తింది. తినగానే వెనకటి జన్మ గుర్తొచ్చింది, మాట వచ్చింది. ఆయన తన సోమవార వ్రతాల్లో ఒకదాని ఫలం ధారపోస్తే కైలాసానికి వెళ్లిపోయింది. అది వ్రతమని కుక్కకి తెలీదు. దిక్కులేక పస్తుంది, రాత్రయ్యాక దొరికింది తింది. ఆ పస్తునే పురాణం నక్తం కింద జమ కట్టింది. పౌర్ణమి దీపం దగ్గర చదివే "కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః" శ్లోకమూ ఇలాంటిదే. ఆ వెలుగులో పురుగులకీ దోమలకీ చెట్లకీ కూడా వాటా ఉంది.

నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది నాలుగోది, అయాచితం. తన కోసం తాను వండుకోకూడదు, ఎవరినీ అడగకూడదు. ఎవరైనా తమంతట తాము పిలిచి పెడితేనే తినాలి. తక్కిన వాటిలో ఆకలి మన అదుపులో ఉంటుంది. ఇందులో దాన్ని తీసుకెళ్లి పక్కింటివాళ్ల చేతిలో పెట్టాలి. అపార్ట్‌మెంట్లో ఈ వ్రతం పట్టినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. పట్టినా, పిలిచేవాళ్లుండాలిగా.

మా వీధిలో ఒక మామ్మగారు పట్టేవారు. ఒంటరి మనిషి. ఏ వారం ఎవరు పిలవాలన్నది ఆడవాళ్లు తమలో తాము అనుకునేవారు, ఆవిడకి మాత్రం తెలియనిచ్చేవారు కాదు. ఓ సోమవారం విపరీతమైన వాన. వాళ్లు పిలిచుంటారని వీళ్లు, వీళ్లు పిలిచుంటారని వాళ్లు ఊరుకున్నారు. ఎవరూ పిలవలేదు. మర్నాడు నీళ్ల పంపు దగ్గర సంగతి బయటపడేసరికి మా నాయనమ్మ మొహం చిన్నబోయింది. పరుగున వెళ్లి చేతులు పట్టుకుంటే మామ్మగారు నవ్వేశారట. "పోనిద్దురూ వదినా, తులసి తీర్థం పుచ్చుకుని పడుకున్నా. ఈ వారం పూర్తి ఉపవాసం కింద లెక్క. మీ పుణ్యమాని ఒకేసారి మూడు మెట్లెక్కాను" అన్నారట.

ఆ పై సోమవారం నన్ను డాబా మీదికి పంపలేదు. నాలుగింటికే గొడుగు చేతికిచ్చి, "మామ్మగారి అరుగు మీద కూర్చో. చుక్క పొడవగానే ఇంటికి తీసుకురా. నువ్వొక్కడివీ వచ్చావో, పాయసం లేదు" అంది నాయనమ్మ. అప్పటికి చినుకు కూడా లేదు.