మిల్లు మానేశాక గ్రాట్యుటీ, పీఎఫ్, పెన్షన్: నా అనుభవం

2023 ఫిబ్రవరి ఆఖర్లో మా మిల్లు ఆఫీసు గదిలో నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. "సొంత కారణాల వల్ల స్వచ్ఛందంగా ఉద్యోగం మానేస్తున్నాను" అని టైపు చేసి ఉంది, కింద నా పేరు. సంతకం పెడితే ఆ నెల జీతం, రావాల్సిన బోనస్ ఆ పూటే ఇస్తామన్నారు. ఇంట్లో చిన్నదాని ఫీజు కట్టాలి. పెట్టేశాను. ఆ సంతకంతో ఏమేం పోయాయో నాకు మెల్లమెల్లగా తెలిసింది. నాలాంటి వాళ్లకు ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక స్పిన్నింగ్ మిల్లులో కోన్ వైండింగ్‌లో చేశాను. చేరింది 2009 జూన్‌లో. రింగ్ ఫ్రేముల దగ్గర నూలు చిన్న బాబిన్లకు చుట్టుకుని వస్తుంది, దాన్ని మేం పెద్ద కోన్లకు ఎక్కిస్తాం. బాబిన్ అయిపోతే ఇంకోటి పెట్టి రెండు కొసలూ కలిపి ముడి వేయాలి. పోగు తెగితే మళ్లీ ముడి. ముడి వేసే చిన్న పరికరం చేతికి తొడుక్కునేవాళ్లం, నాటర్ అంటారు. ముడి లావైతే మగ్గం మీద తెగిపోతుంది, అందుకని సూపర్‌వైజరు కోన్ తిప్పి తిప్పి చూసేవాడు. నా చూపుడువేలి మీద గోరు పక్కన నూలు కోసిన గీత ఇప్పటికీ ఉంది, వెంట్రుక మందాన. చలికాలం పగులుతుంది.

2021లో ఆటోకోనర్ వచ్చింది, నూలును తనంతట తనే కోన్లకు ఎక్కించే మిషన్. మరుసటేడు ఇంకోటి. ప్రతి పోగునూ సెన్సర్ చూస్తూ ఉంటుంది. ఎక్కడ లావుగా ఉన్నా, సన్నగా ఉన్నా తనే కోసేసి, గాలి ఒత్తిడితో రెండు కొసలనూ ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది. ముడి అనేదే ఉండదు. ఆ అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చూశాను, పద్నాలుగేళ్లు పోగు పట్టిన వేలికి కూడా దొరకలేదు. గొప్ప మిషన్, అందులో నాకేం అనుమానం లేదు. మనిషి చేయాల్సింది బాబిన్లు నింపడమే. షిఫ్టుకు పదహారు మందిమి ఉండేవాళ్లం, నలుగురు సరిపోయారు.

యజమానికీ కష్టాలున్నాయి, అబద్ధం చెప్పను. 2022 వేసవిలో పత్తి క్యాండీ లక్ష రూపాయలు దాటింది. క్యాండీ అంటే 356 కిలోలు. ఆ ధరకు పత్తి కొని నూలు అమ్మితే మిగిలేదేం లేక కొన్నాళ్లు ఒక్క షిఫ్టే నడిచింది. కానీ నాకు మింగుడుపడనిది వేరే ఉంది. బట్టల మిల్లులు కొత్త మిషన్లు కొనుక్కోవడానికి కేంద్రం 1999లోనే టెక్నాలజీ అప్‌గ్రెడేషన్ ఫండ్ అని ఒక పథకం పెట్టి, అప్పు మీద వడ్డీలో సాయం చేసింది. మిషన్ లోపలికి రావడానికి సర్కారు చెయ్యి అందించింది. ఆ మిషన్ వల్ల బయటికొచ్చే మనిషికి చట్టంలో రాసి ఉన్న నాలుగు రూపాయలు కూడా ఒక్క లైను కాగితంతో ఎగిరిపోతున్నాయి.

అవి ఎలా ఎగిరిపోతాయో గుంటూరు బ్రాడీపేటలో ఒక యూనియన్ పెద్దాయన చెప్పేదాకా నాకూ తెలియదు. మా వాళ్లం ఆరుగురం కలిసి వెళ్లాం. ఆయన కాగితం జిరాక్స్ చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఎందుకు పెట్టారమ్మా సంతకం?" అన్నాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. పని లేక మిల్లే తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. అప్పటికి అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం నెల ముందు నోటీసు గానీ, దానికి బదులు నెల జీతం గానీ ఇవ్వాలి. పైగా చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం పరిహారం. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా)లో ఉన్నవాళ్లను ఇలా తీసేస్తే కొంతకాలం నిరుద్యోగ భృతి ఇచ్చే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన 2005 నుంచే ఉంది. మనంతట మనమే మానేశామని రాసిస్తే ఈ రెండు తలుపులూ మూసుకుపోతాయి. మాలో ఇద్దరు ఆ రోజు సెలవులో ఉండి సంతకం పెట్టలేదు. వాళ్లకు పరిహారం వచ్చింది. పక్కపక్కన నిలబడి ఒకే పని చేసిన మనుషులం.

మిగిలింది గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన పనికి మానేసేటప్పుడు యజమాని ఇచ్చే డబ్బు. రాజీనామా చేసినా సరే, అయిదేళ్లు నిండితే ఇది ఇవ్వాల్సిందే. అప్పటికి అమల్లో ఉన్న 1972 నాటి చట్టం అది. లెక్క సులువే: ఆఖరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించాలి, 15తో గుణించాలి, ఎన్నేళ్లు చేస్తే అన్నిసార్లు. నాది 10,400. రోజుకు 400, ఏడాదికి 6,000. పదమూడేళ్ల ఎనిమిది నెలలు చేశాను. ఆరు నెలలు దాటితే ఏడాది కిందే లెక్క కాబట్టి పద్నాలుగు. మొత్తం 84,000.

మిల్లు వాళ్లు 54,000 అన్నారు. కంప్యూటర్‌లో 2014 నుంచే నా రికార్డు ఉందట, అంటే తొమ్మిదేళ్లు. ఆ ఏడాది మిల్లు పేరు మారింది. యజమాని అదే, గేటు అదే, నేను నిలబడిన చోటూ అదే. "సిస్టమ్‌లో లేదమ్మా, మేమేం చేస్తాం" అని క్లర్కు స్క్రీన్ నావైపు తిప్పి చూపించాడు. అయిదేళ్ల పని నా కళ్లముందే లేకుండా పోయింది. ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు.

రాత్రి మా అత్తగారి ట్రంకు పెట్టె వెతికితే 2010-11 పీఎఫ్ స్లిప్పు దొరికింది. పసుపుపచ్చగా మారి మడత దగ్గర చిరుగుతోంది. మిల్లు పాత పేరు, నా పేరు, ఖాతా నంబరు అన్నీ ఉన్నాయి. పెద్దాయన దాన్ని చూసి "ఇదమ్మా నీ అయిదేళ్లు" అన్నాడు.

ఫారం-ఐ నింపి మిల్లుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా కట్టాలి. జవాబు లేదు. అప్పుడు కార్మిక శాఖలో అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ఫారం-ఎన్ వేశాం. వాయిదాకు పిలిస్తే మిల్లు తరఫున రెండుసార్లు ఎవరూ రాలేదు. మూడోసారి వచ్చినాయన స్లిప్పు చూశాక పెద్దగా వాదించలేదు. సెప్టెంబరులో 84,000 బ్యాంకులో పడ్డాయి. వడ్డీ వదులుకున్నాను, ఇంకా తిరిగే ఓపిక లేక.

పీఎఫ్ సంగతి ఇంకో రకం. అక్కడ గొడవ ఇంటిపేరుతో. మిల్లులో నా పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. అప్పట్లో జాయింట్ డిక్లరేషన్ అనే కాగితం మీద నాతో పాటు మిల్లు వాళ్ల సంతకం కూడా ఉంటేనే అది మారేది. దానికోసం మూడుసార్లు గేటు దగ్గర కూర్చున్నాను.

అందరూ జాగ్రత్తగా చూడాల్సింది పెన్షన్ ముక్క. మానేసి రెండు నెలలయ్యాక నెట్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడి అబ్బాయి మంచివాడే. "ఆంటీ, పీఎఫ్ తీసే ఫారం-19తో పాటు 10సీ కూడా పెట్టేస్తే పెన్షన్ డబ్బులు కూడా చేతికొచ్చేస్తాయి" అన్నాడు. అతని స్క్రీన్ మీద కూడా నా సర్వీసు 2014 నుంచే ఉంది మరి. పదేళ్లు నిండకపోతే పెన్షన్ రాదు, ఆ డబ్బు తీసుకోవచ్చు. నిండితే 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్, కాస్త తగ్గించుకుంటే 50 నుంచే. అతను బటన్ నొక్కబోతుంటే "ఆగు బాబూ" అన్నాను. ఎందుకన్నానో అప్పటికి నాకే స్పష్టంగా తెలియదు. సంతకం భయం ఇంకా పోలేదు.

స్లిప్పు దొరికింది గనక ముందు పాత ఖాతాను కొత్తదాంట్లోకి బదిలీ చేయించాం. సర్వీసు పదమూడేళ్ల ఎనిమిది నెలలైంది. ఆ తర్వాత 19తో పీఎఫ్ తీసుకుని, అదే 10సీలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగాను, అంటే పెన్షన్ కోసం నా సర్వీసును నిలిపి ఉంచే కాగితం. సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించేదే పెన్షన్ లెక్క. నాకు నెలకు 1,800 దాకా వస్తుంది. పెద్ద మొత్తం కాదు. కానీ నాలుగువేళ్లూ నోట్లోకి పోవడానికి ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేని డబ్బు. మా షెడ్డులో నాలాగే పాత ఖాతా ఉన్న ఇద్దరు అప్పటికే మొత్తం తీసేసుకున్నారు. వాళ్లకిక పెన్షన్ రాదు.

ఇప్పుడు నేను ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమలు తీసే పనికి పోతున్నాను. రోజు కూలీ, పీఎఫ్ లేదు. పాత స్లిప్పు చిరగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, స్కీమ్ సర్టిఫికెట్ దాని పక్కనే పెట్టెలో దాచాను. నాకు 58 నిండేది 2041లో. అవి ఎక్కడున్నాయో పెద్దమ్మాయికి కూడా చూపించాను.