మన్రో ఇంటిపేరు లాగ్: విలియం దగ్గర మళ్లీ ఆగింది

మన్రో ఇంటిపేరువాళ్ల వంశ మూలాల వెతుకులాట మళ్లీ విలియం దగ్గరే ఆగింది. 1718 జనవరి 27న మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో చనిపోయిన విలియం మన్రో నుంచి కిందికి దిగితే పెళ్లిళ్లు, పొలాలు, చర్చి లెక్కలు, 1775 యుద్ధంలో నిలబడ్డ మనవల తరం దాకా అన్నీ దొరుకుతాయి. పైకి మాత్రం ఒక్క మెట్టు ఎక్కనివ్వడు. తండ్రి ఎవరో తేలదు, పుట్టిన పారిష్ (చర్చి పరిధిలోని ఊళ్లు) తేలదు. ఈసారి లాగ్ అంతా దాదాపు ఆయన గొడవే.

సజావుగా సాగినవి ముందే చెప్పేస్తే సరి. మూలం స్కాట్లండ్ ఈశాన్యంలో, రాస్‌షైర్‌లో, క్రోమార్టీ ఫర్త్ ఒడ్డునున్న ఫౌలిస్. ఐర్లండ్‌లోని రో నది దగ్గర్నుంచి వచ్చామని వంశంలో చెప్పుకుంటారు, కానీ కాగితాలు 14వ శతాబ్దం నుంచే దొరుకుతాయి. ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ శాఖలకు 1642 ఏప్రిల్‌లో కారిక్‌ఫెర్గస్‌లో సైన్యంతో దిగిన రాబర్ట్ మన్రో దగ్గర మొదలుపెడితే చాలు. వర్జీనియాలో ఆండ్రూ మన్రో, ఆయన సంతతిలో అమెరికా 5వ అధ్యక్షుడు జేమ్స్ మన్రో: వెస్ట్‌మోర్లాండ్ కౌంటీ భూమి పత్రాలతో అతుకు గట్టిగానే పడింది. ఇవి అయిపోయినట్టే.

ఇక విలియం. 1651 సెప్టెంబరు 3న ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో ఇంగ్లిష్ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ చేతిలో ఓడిన స్కాట్ సైనికుల్లో కొందరిని జాన్ అండ్ సారా అనే ఓడలో బోస్టన్‌కు పంపారు. సరుకు చీటీ రాసినట్టే ఖైదీల జాబితా రాశారు. దాని మీద లండన్, 1651 నవంబరు 11 అని తేదీ. అందుకోవలసిన వర్తకుడు చార్లెస్‌టౌన్ వాసి థామస్ కెంబుల్. 1652 మేలో దాని నకలు బోస్టన్‌లో సఫోక్ డీడ్స్ అనే దస్తావేజుల పుస్తకాల్లోకి ఎక్కింది. మొత్తం 270 పైచిలుకు పేర్లు. అందులో మన్రోలు నలుగురు: రాబర్ట్, జాన్, హ్యూ, ఇంకొకడు. ఆ నాలుగోవాడికి ఇంటిపేరు ఉంది, సొంత పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీలో విలియం అని నింపి ఏళ్ల తరబడి నడిపిస్తున్నారు.

నింపడానికి కారణం లేకపోలేదు. ఖైదీలు మామూలుగా 6 నుంచి 8 ఏళ్లు ఊడిగం చేయాలి. 1657లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి ఊరి లెక్కల్లో విలియం మొదటిసారి కనిపిస్తాడు. థామస్ రోజ్‌తో పాటు పందుల ముక్కులకు రింగులు వేయనందుకు జరిమానా! వచ్చి అయిదారేళ్లయిన మనిషికి ఆ లెక్క సరిపోతుంది. కానీ అదే లెక్క ఇంకో దారికీ సరిపోతుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. 1650 సెప్టెంబరు 3న స్కాట్లండ్‌లోని డన్‌బార్ యుద్ధంలో పట్టుబడ్డవాళ్లలో 150 మందిని యూనిటీ అనే ఓడలో అదే మసాచుసెట్స్‌కు తెచ్చారు. ఆ ఓడ జాబితా మిగల్లేదు. విలియం దాంట్లో వచ్చి ఉంటే నాలుగో మన్రో వేరే మనిషి, మనం వెతుకుతున్నది తప్పు ఓడలో. ప్రస్తుతానికి వూస్టర్‌కు అరవై, డన్‌బార్‌కు నలభై పాళ్లు వేస్తాను. నలుగురు మన్రోలు కలిసి పట్టుబడ్డారంటే ఒకే ప్రాంతపు దళం అయి ఉండాలి, ఆ ఒక్క కారణంతోనే మొగ్గు వూస్టర్ వైపు.

ఇంకో తలనొప్పి రాత. కేంబ్రిడ్జి గుమాస్తాలు ఆయన్ని చాలాచోట్ల వట్టి రో అని రాశారు, ముందున్న మన్ ఎగిరిపోయింది. ఉచ్చారణను బట్టి ఇంటిపేర్లకు కోడ్ ఇచ్చే సౌండెక్స్ పద్ధతిని నమ్ముకున్నవాళ్లు ఇక్కడే మునుగుతారు. మన్రో, మన్రోవ్, మోన్రో రాతలన్నీ ఎం560 కిందికి వస్తాయి. పాత చేతిరాతలో ఎం, యు, ఎన్ అక్షరాలు వరసగా నిలువు గీతల్లా ఉంటాయి కాబట్టి మిమ్రో అని చదివినా ఎం560 కిందే పడుతుంది, అదృష్టం. ఎన్‌ను యు అనుకుని మౌరో అని ఎక్కిస్తే మాత్రం ఎం600 అవుతుంది. రో అయితే ఆర్000. అంటే ఒక్క కోడ్‌తో వెతికితే అసలు కావలసిన కాగితాలే బయట ఉండిపోతాయి. మూడు కోడ్లూ విడివిడిగా కొట్టాలి, ఆపైన ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి విలియం, కేంబ్రిడ్జి, 1655–1675 అని మళ్లీ చూడాలి. వంశ రికార్డుల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో పూర్తి పాఠం వెతికే సదుపాయం వచ్చాక ఇది తేలికైంది. ఉచితం కూడా. భూమి పత్రాలకు నా ఓటు దానికే. ఇండెక్సు మాత్రమే చూపించే డేటాబేసులకు ఈ కాలానికి డబ్బు పెట్టడం దండగ.

వయసు దగ్గర ఓ మెలిక. చనిపోయేనాటికి 92 ఏళ్లంటారు. ఆ రోజుల్లో ఇంగ్లిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే పాత పుస్తకాల్లో అదే మరణం 1717 జనవరి అని ఉంటుంది. స్కాట్లండ్‌లో 1600 నుంచే జనవరి 1. ఆ తేడా సరిచేస్తే పుట్టుక 1625 ప్రాంతం, వయసు సరిగ్గా చెప్పి ఉంటేనే. ముసలివాళ్ల వయసును పెంచి రాయడం మామూలే. మొదటి పెళ్లి 1665 ప్రాంతంలో, అంటే నలభై ఏట. తర్వాత ఇంకో రెండు పెళ్లిళ్లు, 13 మందికి తగ్గకుండా పిల్లలు. నా అనుమానం పుట్టుకను 1630 దాకా లాగమంటోంది. స్కాట్లండ్ వైపు 1620 నుంచి 1632 దాకా తెరిచి ఉంచుకుంటేనే నయం.

తెరిచి ఉంచినా అక్కడ చూడ్డానికేముంది? ఫౌలిస్ ఉన్న కిల్టర్న్ పారిష్ రిజిస్టరు 1702లో మొదలు. పక్కనే ఉన్న ఆల్నెస్ 1783లో. స్కాట్లండ్ రికార్డుల వెబ్‌సైట్ స్కాట్లండ్స్ పీపుల్‌లో ఒక్కో పేజీ చిత్రానికి 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. 1625 కోసం అక్కడ ఒక్క క్రెడిట్ కూడా ఖర్చు పెట్టకండి, రిజిస్టరే లేదు. సేసిన్ రిజిస్టర్లు 1617 నుంచి ఉన్నాయి, కానీ అవి భూమి చేతులు మారిన లెక్కలు. కౌలు రైతు కొడుకు అందులోకి ఎలా ఎక్కుతాడు? పొయ్యికి 14 షిల్లింగుల చొప్పున వేసిన పన్ను జాబితాలు 1691–95 నాటివి, విలియం దాటిపోయి అప్పటికి నలభై ఏళ్లు. వారసత్వ ధ్రువీకరణలు లాటిన్‌లో ఉంటాయి, అవీ ఆస్తిపరులవే.

అందువల్లే ఇంటర్నెట్‌లో కనిపించే వంశవృక్షాల మీద నాకు నమ్మకం లేదు. కాగితం ఉన్నది ఫౌలిస్ దొరలకూ వాళ్ల దాయాదులకూ మాత్రమే కాబట్టి విలియంను తీసుకెళ్లి వాళ్లలో ఎవరో ఒక కొడుకుగా కుట్టేస్తారు. వట్టి అతుకుల బొంత. ఒకరు కుడితే మిగతావాళ్లు నకలు తీసుకుంటారు, వంద చోట్ల ఉంది కాబట్టి నిజమంటారు. హైలాండ్స్‌లో కౌలుదార్లు దొర ఇంటిపేరు పెట్టుకోవడం మామూలు. నలుగురు మన్రోలు ఒకే ఓడలో ఉన్నంత మాత్రాన ఒకే రక్తం కానక్కర్లేదు.

మిగిలింది వై-డీఎన్‌ఏ, అంటే తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే డీఎన్‌ఏ. తల్లిదండ్రులిద్దరి వైపు డీఎన్‌ఏ చూసే ఆటోసోమల్ పరీక్ష పన్నెండు తరాల వెనక ఉన్న మనిషికి పని చెయ్యదు, దాన్ని పక్కన పెట్టండి. పద్ధతి ఇదీ: విలియం ఇద్దరు కొడుకుల శాఖల నుంచి, ఉదాహరణకు మొదటి భార్య కొడుకు జాన్, రెండో భార్య కొడుకు బెంజమిన్, మగ వరసలో వచ్చిన ఒక్కొక్కరి ఫలితం పోల్చాలి. ఇద్దరిలోనూ ఉన్నది విలియంది. ఒక్కడితో తేల్చెయ్యకూడదు, నడుమ ఎక్కడో దత్తత ఉంటే అంతా తారుమారు. ఫ్యామిలీట్రీడీఎన్‌ఏ కంపెనీ 37 మార్కర్ల (డీఎన్‌ఏలో పోల్చి చూసే చోట్ల) పరీక్షలో తేడా 4 వరకూ మ్యాచ్ అని చూపిస్తుంది, 111లో 10 వరకూ. 37 దగ్గర మ్యాచ్‌లు చూసి ఎగరొద్దు, కనీసం 111, వీలైతే అదే కంపెనీ ఇంకా లోతైన పరీక్ష బిగ్ వై-700.

బిగ్ వై కూడా ఎక్కడ తడబడుతుందో లెక్కేసి చూడండి. మగ వరస డీఎన్‌ఏలో అది పట్టుకునేది సగటున 83 ఏళ్లకు ఒక కొత్త మార్పు. 1450లో ఫౌలిస్ నుంచి విడిపోయిన శాఖలో విలియం పుట్టాడనుకుంటే 175 ఏళ్లు, అంటే సుమారు రెండు మార్పులు. సగటు రెండంటే నిజంలో సున్నా రావచ్చు, అయిదూ రావచ్చు. అంటే దొరల వంశానికి చెందుతాడా లేదా అన్నది తేల్చగలదు, వాళ్లలో ఏ తరంలో ఏ తండ్రికి పుట్టాడో తేల్చలేదు. ఈ తేడా అర్థం కాకుండా పరీక్షకు డబ్బు కట్టినవాళ్లే తర్వాత తిట్టుకుంటారు.

కాబట్టి కింది నుంచి పైకి కాకుండా పక్కలకు వెళ్లే ప్రయత్నం మొదలవుతోంది. జాన్ అండ్ సారా జాబితాలో రాస్ ఇంటిపేరువాళ్లు చాలామందే ఉన్నారు. రాస్‌షైర్ పక్కవాళ్లు ఎవరెవరు ఎక్కడ స్థిరపడ్డారో, ఎవరి పెళ్లికి ఎవరు సాక్షి సంతకం చేశారో పట్టిక వెయ్యాలి. 1657లో బోస్టన్‌లో మొదలైన స్కాట్స్ చారిటబుల్ సొసైటీ తొలి సభ్యుల పేర్లు, మిడిల్‌సెక్స్ కౌంటీ కోర్టు కాగితాల్లో రో అని ఉన్న ప్రతి ఫోలియో (పుస్తకంలో ఆకు) కూడా అందులోకే. పట్టిక గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లో పెడితే మేలు. సాక్షులకు విడిగా సంబంధం కట్టే వీలుంది, పైసా ఖర్చు లేదు. విలియంకు తండ్రి గడి ఖాళీగానే ఉంచుతున్నాం.

ఈలోగా విసుగు తగ్గించుకోవడానికి మద్రాసు వైపు మన్రోలు. కడప, అనంతపురం, బళ్లారి వాళ్లకు మన్రో అంటే వేరే చెప్పక్కర్లేదు, దత్త మండలాల కలెక్టరు, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో. ఆయన పుట్టింది 1761లో గ్లాస్గోలో, తండ్రి వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసి అమెరికా యుద్ధంలో దెబ్బతిన్నాడు. గ్లాస్గో నుంచి రాస్‌షైర్‌కు అతుకు వెయ్యొచ్చో లేదో చూడాలి. రెండోది నోవార్ శాఖ హెక్టర్ మన్రో, 1764 బక్సర్ విజేత. 1781లో నాగపట్నం పట్టుకుని, ఆ కోట ద్వారం నమూనాను రాస్‌షైర్‌లోని ఫిరిష్ కొండ మీద కట్టించినవాడు. బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు చర్చిలు పంపిన రిటర్నులు (బాప్తిస్మా, పెళ్లి, సమాధి లెక్కలు) ఎన్/2 వరసలో 1698 నుంచి ఉన్నాయి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు మూడింటికీ మూడు విడి పట్టికలు వేసి, మొదట 1760–1830 సమాధులతో మొదలుపెడతాం. సమాధి లెక్కల్లోనే పటాలం పేరు పడే అవకాశం ఎక్కువ, పటాలం తెలిస్తే చేరిన ఊరు తెలుస్తుంది.