స్లైడ్లు లేవని నా శిక్షణ ప్రణాళికను పక్కన పడేశారు

ఆమోదం నిన్ననే వచ్చింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

డ్వాక్రా సంఘాల్లో లెక్కలు రాసే ఆడవాళ్లకు అప్పులు, వడ్డీల మీద రెండు రోజుల శిక్షణ తయారుచేయాలి. ఊళ్లకు వెళ్లి వాళ్లకేం కావాలో కనుక్కోవడం, పాఠం రాయడం సాఫీగానే అయిపోయాయి.

చిక్కంతా ఆఫీసులో సమీక్ష దగ్గరే. మొదటి ప్రశ్నే "స్లైడ్లు ఎన్ని?" అని. లేవన్నాను. నా పాఠంలో మొదటి గంటంతా ఒకే లెక్క: 12,000 రూపాయల అప్పు, అసలు నెలకు వెయ్యి చొప్పున ఏడాదిలో తీర్చాలి, వాళ్లకిచ్చే రెండు అప్పు కాగితాల మీదా నూటికి నెలకు రూపాయి వడ్డీ అనే ఉంటుంది. ఒకదాంట్లో చివరిదాకా మొత్తం అసలు మీద వడ్డీ, 1,440 అవుతుంది. రెండోదాంట్లో మిగిలిన అసలు మీదే, 780. ఈ తేడా నేను చెప్పను, వాళ్లే లెక్కేసి పట్టుకోవాలి. సమీక్షకు కూర్చున్న పెద్దాయన కాగితాలు పక్కకు తోసేసి, "ఇది శిక్షణా, రచ్చబండా? అన్నీ వాళ్లే చేసుకుంటే మీకు ఫీజెందుకమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

ఏళ్ల తరబడి నూటికి రెండు, నూటికి మూడు అని నోటిలెక్కతో అప్పులు తెచ్చి తీర్చినవాళ్లకు వడ్డీ గురించి ఏమీ తెలియదా? పెద్దవాళ్లు తమ అనుభవంతో వస్తారు, ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే నేర్చుకుంటారు అని వయోజన విద్య మీద పనిచేసిన అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ ఎప్పుడో చెప్పాడు. అంత దూరమెందుకు, నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే, అక్షరాస్యత తరగతుల్లో తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం వల్లే కదా.

చివరికి ఒక మండల సమాఖ్యలో ఆ గంట నడిపి చూపిస్తానని పట్టుబట్టాను. లెక్క సగంలో ఉండగానే ఒకామె ఇంటికెళ్లి తన ప్రైవేటు అప్పు కార్డు పట్టుకొచ్చింది, మిగతావాళ్లంతా దాని మీద పడ్డారు. చూడడానికొచ్చిన ఆఫీసు మేడమ్ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఆవిడ రాసిన నోట్ వల్లే ఫైలు కదిలింది. అలాంటి పాఠం మా జిల్లాలో ఇంకెవరూ చెప్పలేదని గట్టిగా అనగలను.

మీరూ ఇలాంటిది పెడుతుంటే కాగితం మీద 'చర్చ' అని రాయకండి, 'అభ్యాసం' అని రాయండి, సంతకం త్వరగా పడుతుంది. వచ్చేవాళ్లను వాళ్ల అప్పు కార్డులు తెచ్చుకోమని ముందే కబురు పెట్టండి, ఉదాహరణల కోసం వేరే వెతకక్కర్లేదు.