అమ్మ డబ్బాలో మందు కానివి

"ఇంకేమన్నా మందులు వాడుతున్నారా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగిన ప్రతిసారీ మా అమ్మది ఒకటే జవాబు. "ఏం లేవమ్మా. థైరాయిడ్ గోలీ, బీపీ గోలీ, గంతే."

అమ్మకు ఏళ్ల తరబడి ఆ థైరాయిడ్ గోలీ, అంటే థైరాక్సిన్, 50 మైక్రోగ్రాములతో సరిపోయేది. పోయినేడాది ఉన్నట్టుండి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 9 దాటింది. ఒంట్లో థైరాక్సిన్ చాలకపోతే పెరిగే అంకె అది. డోసు 75 చేశారు. రెండు నెలలకు మళ్లీ రక్తపరీక్ష, మళ్లీ ఎక్కువే. 100 చేశారు. అయినా అమ్మకు నీరసం పోలేదు, మధ్యాహ్నమే పడుకుండిపోయేది. గోలీ మాత్రం ఒక్కరోజు మానలేదు, పరగడుపునే వేసుకుంటోంది. మాత్రలే నకిలీవేమోనని నేను మెడికల్ షాపు కూడా మార్చేశాను.

మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ప్రశ్న మార్చారు. "ఇంట్లో మీరు మింగేవన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. బలం మాత్రలు, చూర్ణాలు, నొప్పి గోలీలు, ఏదీ వదలొద్దు. మందో కాదో నేను చూసుకుంటా."

మల్కాజ్‌గిరిలో మా ఇంటి మందుల డబ్బా అంటే ఫ్రిజ్ మీదుండే పాత ఉస్మానియా బిస్కెట్ల డబ్బా. ఆ రాత్రి పేపర్ పరిచి బోర్లించాం. సగం షీట్లకు పేరుంటే ఎక్స్‌పైరీ లేదు, ఎక్స్‌పైరీ ఉంటే పేరు లేదు. నాలుగు గోలీలు అడిగితే షాపులో కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, డేటున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఏవేంటో తెలియనివన్నీ పక్కన పడేశాను.

అప్పుడు బయటపడింది క్యాల్షియం సీసా. నేను కొన్నదే. అమ్మ మోకాళ్లు పట్టేస్తున్నాయంటే ఆన్‌లైన్ ఆఫర్‌లో తెప్పించాను.

"ఇది ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?"

"పొద్దుగాల్నే, థైరాయిడ్ గోలీ తోటి. ఒక్క గ్లాసు నీళ్లకు రెండూ అయిపోతయ్."

"మరి డాక్టర్‌కు చెప్పలేదేం?"

"గది మందు కాదు గద బిడ్డా, బలానికి."

సీసా తిప్పి చూస్తే అమ్మ మాటే నిజం! దాని మీద మందుల లైసెన్సు నంబరు లేదు. పచ్చడి ప్యాకెట్ మీద ఉండేలాంటి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంది. అంటే చట్టం లెక్కలో అది తిండి సరుకు.

పేగుల్లో మాత్రం ఆ లెక్క చెల్లదు. క్యాల్షియం థైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ మాత్రలూ అంతే, గ్యాస్‌కు తాగే కొన్ని యాంటాసిడ్లూ అంతే. డాక్టరమ్మ సీసా చూసి నవ్వారు. రెంటికీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలన్నారు. థైరాయిడ్ గోలీ లేవగానే మంచినీళ్లతో, టీ మరో అరగంట, గంట ఆగాక. క్యాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక. అది నిజంగా అవసరమో లేదో తర్వాత చూద్దామన్నారు.

ఆమెకు నవ్వు రాని షీటు ఇంకొకటి. మోకాళ్లకని అమ్మ అప్పుడప్పుడూ తెచ్చుకునే డైక్లోఫెనాక్. షీటు మీద నిలువునా ఎర్ర గీత. చీటీ లేకుండా అమ్మకూడదని ఆ గీతకు అర్థం. ఏ షాపతను ఇచ్చాడో గానీ, బీపీ ఉందా అని అడగలేదు, ఈమె చెప్పలేదు. ఈ రకం నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. దాన్ని అక్కడికక్కడే ఆపించేశారు.

ఇదంతా చూసి నేనేదో తెలివైనదాన్ననుకోకండి. అదే డబ్బాలో నా జలుబు గోలీల షీటు కూడా ఉంది. జ్వరానికని 650 పారాసెటమాల్, ముక్కు కారుతోందని జలుబు గోలీ, రెండూ రోజుకు నాలుగేసి మింగిన ఘనత నాది. జలుబు గోలీ వెనక సన్నక్షరాల్లో చూస్తే అందులోనూ పారాసెటమాల్ 500. కూడితే 4,600 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4,000 దాటకూడదు, దాటితే దెబ్బ లివర్‌కు. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలున్నది ఒకటే.

ఇక అమ్మ థైరాయిడ్ గోలీ సంగతి. అది ఇప్పుడు పూర్తిగా ఒంటికి పడుతుంది కాబట్టి డాక్టరమ్మ అదే రోజు 75కి దించారు. గుండె దడ అనిపిస్తే ఆగకుండా రమ్మన్నారు. ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 0.3, ఈసారి మరీ తక్కువ. మళ్లీ 50. ఇంకో ఆరు వారాలకు 2.8, ఉండాల్సినంతే.

రిపోర్టు పట్టుకుని ఆటో ఎక్కాక అమ్మ వేళ్ల మీద ఏదో లెక్కేసింది. "నువ్వు ఆఫర్ల కొన్న సీసా కంటే ఈ రక్తపరీక్షలకే ఎక్కువైంది" అంది.