రోస్తోమ్‌ని ద్రోహి అననంటుంది మా అమ్మాయి

"రోస్తోమ్ ద్రోహి అని నేను రాయను. మార్కులు పోతే పోనీ" అని హిస్టరీ హోంవర్క్ పక్కన పెట్టేసింది మా అమ్మాయి. రోస్తోమ్ పదిహేడో శతాబ్దంలో పర్షియా (ఇప్పటి ఇరాన్) షా అండతో జార్జియాలో రాజైనవాడు. త్బిలిసిలో పెరుగుతున్న పిల్లకి జార్జియా రాజుల మీద కోపాలూ ఇష్టాలూ ఉంటాయి మరి.

నా మనసు మాత్రం అదే కాలపు ఇంకో జార్జియా రాజు తెయిమురాజ్ వైపే. పర్షియా రాజధాని ఇస్ఫహాన్‌లో చక్రవర్తి షా అబ్బాస్ దర్బారులో పెరిగి, తూర్పు జార్జియాలోని కఖేతికి రాజై, ఆ షా మీదే తిరగబడ్డాడు. రాయబారానికి వెళ్ళి బందీ అయిన తల్లి కేతెవాన్, మతం మారనన్నందుకు 1624లో షిరాజ్‌లో చిత్రహింసలు పడి చనిపోయింది. కొడుకులిద్దరినీ షా నపుంసకుల్ని చేయించాడు. ఆమె అస్థికల్లో కొన్నిటిని క్రైస్తవ సన్యాసులు గోవాకు తెచ్చారంటారు. పాత గోవాలో చర్చి శిథిలాల్లో దొరికిన ఎముక కేతెవాన్‌దేనా అని డీఎన్ఏ పరీక్షలు చేసింది మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ. 2021లో ఆ అస్థికలు జార్జియాకు చేరాయి. ఇదంతా అమ్మాయికి ఎంతో గర్వంగా చెప్పాను. పట్టు విడవని మనిషంటే నాకు గౌరవం.

తను అంతా విని, "అంత కష్టపెట్టినా తెయిమురాజ్‌కి పారసీ కవిత్వం ఇష్టమేగా, లైలా మజ్నూ కథ జార్జియన్‌లో రాశాడుగా" అంది. నిజమే. ఇక రోస్తోమ్ ఇస్ఫహాన్‌లో ఖుస్రో మీర్జాగా పెరిగాడు, ఆ నగరానికి దరోగాగా, అంటే నగరాధికారిగా చేశాడు. 1633లో త్బిలిసి ఉన్న కార్త్లి రాజ్యం గద్దె ఎక్కేనాటికి అరవై దాటాయి. ఆయన ముస్లిం, రాణి మరియం క్రైస్తవురాలు. పెళ్ళి రెండు పద్ధతుల్లోనూ జరిగింది. త్బిలిసి దగ్గరి మ్త్‌స్ఖేతా చర్చి గుమ్మటాన్ని మళ్ళీ కట్టించిందీ ఆయన కాలంలోనే. "ఆయనకి రెండు ఊళ్ళూ సొంతవేనమ్మా. అందులో ద్రోహం ఏముంది?" అంటుంది మా అమ్మాయి.

ఈ పట్టుదల రోస్తోమ్ కోసమేనా అని నా అనుమానం. హైస్కూలుకి దీన్ని గుంటూరులో తన దగ్గర ఉంచమని మా అత్తగారు అడుగుతున్నారు. నాకూ ఆశగా ఉంది. పిల్ల రానంటోంది.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేది నేనే. బజారులో కూరగాయలామెతో తను జార్జియన్‌లో గడగడా మాట్లాడి బేరం తెగ్గొడితే పొంగిపోయేదీ నేనే. కొత్తగా వచ్చిన తెలుగు తల్లులు అడిగితే, ఇంట్లో మాతృభాష వదలొద్దు, మిగతాది అదే వస్తుందని ధీమాగా చెబుతాను. ఈమధ్య ఆ ధీమా తగ్గింది. షా అబ్బాస్ కఖేతి నుంచి వేలాదిమందిని ఇరాన్‌కి తరలించాడు. నాలుగొందల ఏళ్ళ తర్వాత కూడా ఫెరెయిదాన్ ప్రాంతంలో వాళ్ళ వారసులు జార్జియన్ మాట్లాడుతున్నారు. మతం మారింది, మాట నిలిచింది. కానీ వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళుగా కలిసి ఉన్నారు. మేం ఒక్క ఫ్లాట్‌లో ముగ్గురం.

ఇస్ఫహాన్‌లో పెరిగిన ఆ ఇద్దరు రాచబిడ్డల్లో ఒకడు తిరగబడ్డాడు, ఇంకొకడు ఇమిడిపోయాడు. పంపితే మా పిల్ల ఎలా తిరిగొస్తుందో నేను చెప్పలేను. పంపకపోతే గుంటూరు దానికి సెలవుల ఊరుగానే మిగిలిపోతుందేమోనని బెంగ. అత్తగారు ఆదివారం ఫోన్ చేస్తారు. ఈసారి పిల్లనే మాట్లాడమందామని ఉంది. తను వద్దంటే ఒప్పుకోగలనో లేదో మాత్రం తెలియదు.