ముఖ్యమైన పనినే అప్పగించాలి

పని ఒత్తిడిని తగ్గించుకోవడం గురించి చెప్పే శిక్షణ తరగతుల్లో నాలుగు గడుల పట్టిక ఒకటి తరచుగా కనిపిస్తుంది. పనులను అత్యవసరమైనవి, ముఖ్యమైనవి అని విడదీసి, అంత ముఖ్యం కాకపోయినా అత్యవసరమైన వాటిని ఇతరులకు అప్పగించమని అది చెబుతుంది. దానికి అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన ఐసెన్‌హోవర్ పేరు పెట్టారు గానీ, ఆయన గడులేవీ గీయలేదు. తనకు ఎదురయ్యే సమస్యలు రెండు రకాలనీ, అత్యవసరమైనవి ముఖ్యమైనవి కావనీ, ముఖ్యమైనవి ఎన్నడూ అత్యవసరం కావనీ 1954లో ఒక ప్రసంగంలో అన్నారు. అది కూడా ఒక మాజీ కళాశాల అధ్యక్షుడి మాటను ఉటంకిస్తూనే. మిగిలినదంతా తరువాతివారి చేర్పు. ఒంటరిగా పనిచేసుకునేవారికి ఆ పట్టిక ఉపయోగపడుతుందేమో గానీ, బృందాన్ని నడిపేవారు మాత్రం అందులోని అప్పగింత సూత్రాన్ని పాటించకూడదని నా అభిప్రాయం.

అప్రధానమైన పనులను మాత్రమే పంచిపెట్టే మేనేజర్ దగ్గర పనిచేసేవారు వేగంగా కాగితాలు కదపడం నేర్చుకుంటారే తప్ప, ఏది మేలో తేల్చుకోవడం నేర్చుకోరు. నిర్ణయాలన్నీ ఆయన బల్ల మీదే పేరుకుపోతాయి. ఆయన సెలవు పెడితే పని ఆగిపోతుంది. కొన్నేళ్ల తరువాత ‘బాధ్యత తీసుకునేవారు ఒక్కరూ లేరు’ అని ఆయనే వాపోతారు. ఆ కొరత ఆయన పంపకం నుంచే పుట్టిందని ఎవరూ ఆయనకు చెప్పరు.

ముఖ్యమైన పనిని వదులుకోకపోవడానికి సాధారణంగా చెప్పే కారణం, ‘ఇంకొకరికి నేర్పేలోగా నేనే గంటలో ముగించగలను’ అన్నది. ఈ ఒక్కరోజుకు ఆ లెక్క సరైనదే. కానీ అది వారం వారం వచ్చే పని అయితే ఏడాదికి యాభై గంటలకు పైగా అవుతుంది. నేర్పడానికి పది గంటలు ఖర్చయినా రెండున్నర నెలల్లో ఆ సమయం తిరిగి వచ్చేస్తుంది. మరెప్పుడూ రాని పనిని మాత్రం నిస్సంకోచంగా తామే చేసుకోవచ్చు.

పైకి చెప్పని కారణం భయం. పని చెడితే సమాధానం చెప్పుకోవలసింది తామే కదా అన్నది ఆ భయం, అందులో అబద్ధమేమీ లేదు. పనినీ అధికారాన్నీ అప్పగించవచ్చు, జవాబుదారీతనాన్ని అప్పగించలేము. దీనికి కూడా ఐసెన్‌హోవర్ దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన మిత్రరాజ్యాల సేనాధిపతి. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంపై దాడి మొదలయ్యే ముందు, అది విఫలమైతే ప్రకటించడానికి ఆయన నాలుగు వాక్యాల చీటీ రాసి దగ్గర పెట్టుకున్నారు. సైనికులు, వైమానిక దళం, నౌకాదళం చేయగలిగినదంతా చేశాయనీ, ఈ ప్రయత్నంలో తప్పేదైనా ఉంటే అది తన ఒక్కడిదేననీ అందులో ఉంది. దాడి నడపడాన్ని ఎందరికో అప్పగించిన మనిషి నింద మోయడాన్ని మాత్రం ఎవరికీ పంచలేదు. (ఆ చీటీ మీద జూన్‌కు బదులు జూలై అని తేదీ పడింది, ఆ రోజు ఆయన మీదున్న భారం ఎంతటిదో ఊహించుకోవచ్చు.) తప్పు జరిగితే తమ మీద తోసివేయరనే నమ్మకం లేనిదే ఎవరూ పెద్ద పనికి మనస్ఫూర్తిగా ముందుకు రారు.

అప్పగించేటప్పుడు, పని పూర్తయిందని దేన్ని చూసి అనుకోవాలో ముందే చెప్పాలి. ‘ఒక నివేదిక తయారు చేయండి’ అంటే చేసేవారికి దక్కేది అయోమయమే. ‘రెండు ప్రతిపాదనల్లో ఒకదాన్ని శుక్రవారం ఎంచుకోవాలి, ఎంచుకునేవారు పది నిమిషాల్లో చదవగలిగేలా రెండు పేజీలు కావాలి’ అంటే, ఏది రాయాలో, అంతకంటే ముఖ్యంగా ఏది వదిలేయాలో వారికే తెలుస్తుంది.

అందరూ ఎక్కువగా మరచిపోయేది అధికారపు హద్దు. ఏ నిర్ణయాలను వారు ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు, ఏవి తీసుకున్న తరువాత తెలియజేస్తే చాలు, ఏవాటికి ముందుగా అనుమతి కావాలి అన్నవి స్పష్టంగా చెప్పకపోతే, జాగ్రత్తపరులు ప్రతి చిన్న విషయానికీ తలుపు తడతారు, దూకుడు గలవారు అడగవలసిన చోట కూడా అడగరు. ఈ హద్దును మాటల్లో చెప్పి వదిలేయకుండా నాలుగు వాక్యాల మెయిల్‌గా రాసి పంపడం మంచిది. రాయడానికి కూర్చుంటేనే, ఆ హద్దు ఎక్కడుందో తమకే తెలియదన్న సంగతి చాలామంది మేనేజర్లకు అర్థమవుతుంది.

గడువును చేసేవారినే అడగాలి గానీ, వారి అంచనాను యథాతథంగా నమ్మకూడదు. 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసం సగటున 34 రోజుల్లో పూర్తవుతుందని చెప్పగా, వాస్తవానికి 55 రోజులకు పైగా పట్టింది. ఇందులో సోమరితనం ప్రసక్తి లేదు. పని సాఫీగా సాగే దారిని మాత్రమే మనసు చూడగలుగుతుంది. అందువల్ల మొదటి సమీక్షను గడువు దగ్గర పెట్టుకోకుండా, పనిలో అయిదో వంతు ముగిసేసరికి పెట్టుకోవాలి. దారి తప్పితే అప్పుడే తెలుస్తుంది, వెనక్కి తిరగడానికి సమయమూ మిగులుతుంది.

ఆ సమీక్షల మధ్య ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడుగుతూ ఉండకూడదు. అసంపూర్తిగా వదిలిన పని మీద మనసు కొంత మిగిలిపోయి తరువాతి పనిని దెబ్బతీస్తుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. అర నిమిషపు విచారణకు చేసేవారు చెల్లించే మూల్యం అర నిమిషంతో తీరదు. రోజులో ఒక నిర్ణీత సమయాన్ని ప్రశ్నలకు కేటాయిస్తే ఇద్దరికీ సుఖం.

డ్రాఫ్ట్ చేతికి వచ్చాక దాన్ని రాత్రికి రాత్రే తిరగరాయాలన్న కోరిక బలంగా కలుగుతుంది. అలా చేస్తే తరువాతిసారి వారు సగం పనే చేసి పంపుతారు, మిగిలింది ఎలాగూ మారుతుందని వారికి తెలుసు కనుక. లోపమెక్కడుందో చూపి, సవరణను వారికే వదలాలి. తాము రాసే తీరులో లేకపోవడం ఒక్కటే కారణమైతే ఆ వాక్యాన్ని ముట్టుకోకూడదు.

ఇంత చేసినా, ఆ పని గురించి బయటివారు అలవాటు కొద్దీ మేనేజర్‌నే అడుగుతూ ఉంటారు. జవాబు తెలిసినా ఇవ్వకుండా, ఇకపై దీన్ని చూస్తున్నది ఫలానావారని ఒక వాక్యం రాసి, ఆ మెయిల్‌ను ఆ పని చూస్తున్నవారికి పంపించాలి. ఒక్కసారి తామే జవాబిస్తే, తరువాతి పది ప్రశ్నలూ మళ్లీ అదే బల్ల దగ్గరికి వస్తాయి.