ఇంగువ డబ్బా వెనక సన్నక్షరాలు

ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా నా హిమోగ్లోబిన్ పెరిగేది కాదు. కడుపు ఉబ్బరం, విరేచనాలు, మెట్లెక్కితే ఆయాసం. ‘ఆడవాళ్లకి రక్తం తక్కువే కదా’ అన్నవాళ్లు కొందరు, ‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్నవాళ్లు కొందరు. చివరికి కాకినాడలో ఒక గ్యాస్ట్రో డాక్టరు గారు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష రాశారు. పరీక్షలన్నీ అయ్యేదాకా చపాతీ మానొద్దన్నారు, మానేస్తే జబ్బు బయటపడకపోవచ్చట. తర్వాత ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపారు. తేలింది సీలియాక్.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ తగిలితే ఒంట్లోని రక్షణ వ్యవస్థే పేగు లోపలి పొరని పాడుచేస్తుంది. ఐరన్ ఒంటబట్టేది ఎక్కువగా ఆ మొదటి భాగంలోనే. మాత్రలు ఎందుకు పనిచెయ్యలేదో అప్పుడు అర్థమైంది. ‘అన్నం తినేవాళ్లం, మనకెందుకొస్తుందే ఈ జబ్బు?’ అని మా అత్తయ్యగారు చాన్నాళ్లు నమ్మలేదు. ఉత్తరాదితో పోలిస్తే మన వైపు తక్కువన్నది నిజమే. కానీ మాకూ బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా పాయసం, రాత్రిపూట చపాతీ ఉన్నాయిగా. అన్నవరం ప్రసాదం కూడా గోధుమ నూకే. ఇప్పుడు కళ్లకద్దుకుని పక్కవాళ్లకిచ్చేస్తాను.

డైటీషియన్ మొదట చెప్పిన పని, వంటింట్లోని ప్యాకెట్లన్నిటి వెనక వైపూ ఫోటోలు తీసి తెమ్మని. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదువుతుంటే ఇంగువ డబ్బా దగ్గర ఆగిపోయారు. ‘ఇందులో గోధుమపిండి ఉందోయ్!’ అన్నారు. బజార్లో దొరికే ఇంగువ చాలావరకు పిండి కలిపిందే, ఎక్కువగా అది గోధుమ లేదా మైదా. అంటే మా పప్పుచారు, పులిహోర, మజ్జిగ తిరగమోత అన్నిట్లోనూ ఉన్నట్టే. ఇప్పుడు బియ్యప్పిండి కలిపింది కొంటున్నాం. పాలల్లో కలుపుకునే మాల్ట్ పొడులూ మానేశాను, మాల్ట్ సాధారణంగా బార్లీదే.

ప్యాకెట్ ముందు ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉంటే సున్నా అని కాదు. మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. అమెరికాలో, యూరప్‌లో కూడా హద్దు 20 దగ్గరే. మా పేగులకి అది చాలావరకు క్షేమమే. ‘లో గ్లూటెన్’ అంటే మాత్రం 20 నుంచి 100 దాకా, అది మాకు పనికిరాదు. వేరే సంస్థ ఫ్యాక్టరీని తనిఖీ చేసి ఇచ్చే ముద్రలూ ఉన్నాయి. వాటిలో జీఎఫ్‌సీఓ అనే సంస్థ ముద్రకి హద్దు 10. యూరప్ ప్యాకెట్ల మీద గీత కొట్టిన గోధుమ కంకి కనిపిస్తుంది, దానికి 20.

నాకైతే ముందు వైపు కంటే వెనక ‘కంటెయిన్స్’ అనే లైను మీదే గురి. గోధుమ, బార్లీ, రై, ఓట్స్ వేస్తే మన దేశంలో అక్కడ చెప్పి తీరాలి. ‘మే కంటెయిన్’ మాత్రం కంపెనీ ఇష్టం. అది లేదని నిశ్చింతగా ఉండటానికి లేదు. డల్లాస్ నుంచి చెల్లి తెచ్చే ప్యాకెట్లతో ఇంకో తంటా. అక్కడి అలర్జీ చట్టంలో గోధుమ ఉంది, బార్లీ లేదు. అందుకే మాల్ట్ అన్న మాట కోసం పదార్థాలన్నీ చదవాల్సిందే.

అసలు లేబులే లేనివాటి సంగతి? రాగుల్లో గ్లూటెన్ లేదు, కానీ గోధుమలు ఆడిన మరలోనే రాగులూ ఆడిస్తే ఆ పిండి నాకు పడదు. రాగులు కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పడుతున్నాను. పెళ్లిళ్లలో సాంబారు, రసం ముట్టను. అన్నం, పెరుగు, అరటిపండు చాలు.

టీటీజీ మెల్లగా దిగింది. హిమోగ్లోబిన్ పెరిగాక డాక్టరు గారు ఐరన్ మాత్రలు ఆపేశారు. సీలియాక్ రక్తసంబంధీకుల్లో కూడా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మా అబ్బాయికీ పరీక్ష చేయించమన్నారు. ఇప్పటికైతే నెగటివ్, కొన్నాళ్లకి మళ్లీ చేయించాలి. వాడి బ్రెడ్డుకి టోస్టరు వేరే పెట్టాం.